డిజిటల్ ఫొటోతో సయనోటైప్ వేయొచ్చా? తిరుపతిలో నా అనుభవం

డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటోని పాతకాలపు నీలిరంగు సయనోటైప్‌గా వేయాలంటే ఫిల్మ్ కెమెరా, డార్క్‌రూమ్ ఉండాల్సిందేనా అని అడిగారు. రెండూ అక్కర్లేదండి. నేను తిరుపతిలో మా మిద్దె మీదే మూడేళ్లుగా వేస్తున్నాను. కావాల్సింది ఎండ. దానికి మన ఊళ్లో కొదవా?

1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఒకప్పుడు ఇంజినీర్లు చుట్టి చంకలో పెట్టుకు తిరిగిన నీలం ప్లాన్లు, ఆ బ్లూప్రింట్లు కూడా ఇలా వేసినవే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు మరో 100 మి.లీ.లో విడివిడిగా కరిగించి పెట్టుకోవాలి. వాడేముందు రెండూ సమానంగా కలిపి, మామూలు బల్బు వెలుతురున్న గదిలో కాగితానికి పూసి ఆరబెట్టాలి. ఎండలోని యూవీ (అతినీలలోహిత కిరణాలు) తగిలినచోట నీలం నిలుస్తుంది, తగలనిచోట మందు నీళ్లకు కొట్టుకుపోతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి. వంటింటి గిన్నెలు మాత్రం ముట్టుకోకండి, మా అమ్మతో నేను పడ్డ తిట్లు చాలు.

డిజిటల్ పని నెగెటివ్ దగ్గర వస్తుంది, అంటే మందు పూసిన కాగితం మీద పరిచి ఎండలో పెట్టే షీటు. ఫొటోని నలుపు తెలుపు చేసి, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మార్చి, ప్రింటు సైజులోనే ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద తీయాలి. నేను మొదట జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటు తీయించాను. ఆ నలుపు ఎండని ఆపలేకపోయింది, తెల్లగా రావాల్సిన ఆకాశం లేత నీలంగా వచ్చింది. ఒకే నెగెటివ్ రెండు షీట్ల మీద తీసి ఒకదానిమీద ఒకటి అతికిస్తే కొంత నయం. ఇంక్‌జెట్ అయితే ఇంకా మేలు, కానీ ఇంక్‌జెట్ కోసం పూత పూసిన షీటే కొనండి. మామూలు షీటు మీద ఇంకు ఆరదు, వేలు పెడితే చెరిగిపోతుంది.

ఇంకు ఉన్న వైపు కాగితానికి ఆనాలి కాబట్టి నెగెటివ్‌ని అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మార్చి తీయాలి. తీర్థకట్ట వీధిలో తీసిన పూలకొట్టు ఫొటోకి ఇది మర్చిపోయాను. ప్రింటు అద్భుతంగా వచ్చింది, బోర్డు మీది తెలుగు అక్షరాలు మాత్రం వెనక్కి తిరిగాయి!

అసలు తిప్పలు కర్వ్‌తో, అంటే ఫొటోలో ఏ ఛాయ ఎంత ముదురుగా రావాలో సర్దే గీతతో. స్క్రీన్ మీద కనిపించే బూడిదరంగు ఛాయలన్నీ ఈ కాగితం మీదికి రావు, నీడలన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. అందుకని ముందు తెలుపు నుంచి నలుపు వరకు, 0 నుంచి 100 శాతం దాకా పదేసి చొప్పున ముదిరే మెట్లున్న పట్టీ ఒకటి ప్రింటు వేయండి. ఏ మెట్లు కలిసిపోయాయో చూసి, దాన్నిబట్టి ఫొటో ఎడిటర్‌లో కర్వ్ సరిచేయండి. నాకు ఏడు పట్టీలు పట్టింది. ఫోన్‌లో నీలం ఫిల్టర్ వేస్తే చాలదా అని కూడా అడిగారు కదా, అందులో ఈ ఏడు పట్టీలుండవు. నా సరదా అంతా అక్కడే ఉంది మరి.

ఇక ఎండలో పెట్టడానికి మే నెల మధ్యాహ్నం నాకు ఆరు నిమిషాలు సరిపోతుంది, మబ్బు పడితే అరగంటైనా చాలదు. కడగడం దగ్గర జాగ్రత్త. మా బోరు నీళ్లు ఉప్పు తేలేంత గట్టివి. మొదట్లో ప్రింట్లన్నీ వెలిసిపోతుంటే మందు పాడైందనుకుని కొత్తది తెప్పించాను. తీరా చూస్తే తప్పు నీళ్లది, క్షారం ఈ నీలాన్ని తినేస్తుంది. ఇప్పుడు క్యాన్ నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి కడుగుతున్నాను.

నీలం వద్దనుకుంటే కరక్కాయ ప్రయత్నించండి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మిత్రుడొకరికి నా ప్రింట్లు చూపిస్తే, "ఇనుమే కదన్నా ఇందులో ఉండేది, కరక్కాయ నీళ్లలో వేసి చూడు" అన్నాడు. కరక్కాయ పట్టించిన గుడ్డకు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు తగిలితే నలుపెక్కుతుందని వాళ్లకు తరతరాలుగా తెలుసు. ప్రింటుని చాకలి సోడా కలిపిన నీళ్లలో నీలం పోయి పసుపు తిరిగేదాకా ఉంచి, బాగా కడిగి, కరక్కాయ పొడి కాచి వడగట్టిన నీళ్లలో గంటసేపు వేశాను. చంద్రగిరి కోట గోడ ముదురు గోధుమ నలుపులో వచ్చింది. కాగితం కూడా కొద్దిగా పసుపెక్కింది. ఆ ఫొటోకి అది నప్పింది కానీ, తెల్లటి ఆకాశం ఎక్కువున్న ఫొటోలకి నేను వాడను.