యాంటీబయాటిక్ పరిశోధనలో చేరుతున్న మేనకోడలికి

అడయారు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు తరమణిలో కొత్త యాంటీబయాటిక్‌ల పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒక్క సంగతి నీకు రాయాలని అనుకుంటున్నాను. ఎంజైమును ఆపిన పదార్థమల్లా బ్యాక్టీరియాను చంపుతుందని నమ్మవద్దు. అది కణం లోపలికి వెళుతున్నదా, వెళ్ళి అక్కడ నిలుస్తున్నదా అన్నది మొదటి నెలలోనే తేల్చుకో.

ఇది నేను రెండేళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా పదార్థం అతి తక్కువ మోతాదులోనే ఎంజైమును ఆపుతున్నదని మురిసిపోయి, దానికి రూపాంతరాలు తయారు చేస్తూ పోయాము. చివరికి ఈ.కోలై బ్యాక్టీరియా మీద ఎంఐసీ పరీక్ష (పెరుగుదలను ఆపే కనీస మోతాదును తేల్చే పరీక్ష) పెట్టి, మర్నాడు ఉదయం 96 గుంటల ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ మందు వేసిన గుంట కూడా బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడి ఉంది, అంటే బ్యాక్టీరియా పెరిగిపోయింది. మందును బయటికి తోసే పంపులకు అవసరమైన టోల్‌సీ జన్యువును తొలగించిన స్ట్రెయిన్‌తో (రకంతో) అదే పరీక్ష చేసినప్పుడు మాత్రం గుంటలు తేటగా ఉన్నాయి. మందు లోపలికి వెళుతూనే ఉన్నా, ఎఫ్లక్స్ పంపులు దాన్ని వెంటనే బయటికి తోసేస్తున్నాయన్నమాట. ఆ ఒక్క ప్లేటు మొదట్లోనే పెట్టి ఉండవలసింది.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడ డగ్గర్ గారు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలికితీశారు; 1948లో దాన్ని ప్రకటించారు. ఆ తరం వారు బతికున్న బ్యాక్టీరియా మీదే నేరుగా పరీక్షించేవారు కనుక, లోపలికి వెళుతుందా అన్న ప్రశ్న తొలిరోజే తేలిపోయేది.

ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పెంచిన సాధు స్ట్రెయిన్‌తో తృప్తిపడకుండా, ఆసుపత్రి నుంచి వచ్చిన, చాలా యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైము ఉన్న క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా మీద కూడా ఎంఐసీ చూడు. సీరమ్ కలిపి మరొకసారి చూడు, ఎందుకంటే రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుపోయిన మందు బ్యాక్టీరియా దాకా చేరదు. ఎంఐసీకి నాలుగు రెట్లు మందు కలిపిన అగర్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద నూరు కోట్ల కణాలు పరిచి, ఎన్ని కాలనీలు లేచాయో లెక్కపెట్టు. విరివిగా లేస్తే, మందుకు నిరోధకత సులువుగా వస్తుందన్నమాట; ఎంత మమకారం ఉన్నా ఆ పదార్థాన్ని వదిలెయ్యి.

పాత మందును కాపాడే పనిని చిన్నచూపు చూడవద్దు. మన చెన్నైలోని ఆర్కిడ్ సంస్థ కనుగొన్న ఎన్మెటాజోబాక్టమ్, సెఫెపీమ్ అనే పాత యాంటీబయాటిక్‌తో కలిసి 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. సెఫెపీమ్‌ను విరగ్గొట్టే ఈఎస్‌బీఎల్ ఎంజైములను అది ఆపుతుంది. ఆ ఎంజైములు బ్యాక్టీరియా చుట్టూ ఉండే రెండు పొరల మధ్యే ఉంటాయి కనుక, అది బయటి పొరను దాటితే చాలు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ల్యాబ్ నోట్‌బుక్ తీసుకురా, మొదటి ప్లేటు కొలతలు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మామయ్య