ఆర్మా 3: 400 మీటర్ల దూరంలో గురి తప్పడం గురించి

ఆర్మా 3 అనే యుద్ధ షూటింగ్ గేమ్‌లో 400 మీటర్ల దూరంలోని శత్రువుకు తూటాలు తగలడం లేదని, మౌస్ సెన్సిటివిటీ మార్చాలా అని అడిగారు కదా. మీ మౌస్ బాగానే ఉంది, సెన్సిటివిటీ మార్చకండి. కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్‌లో అలవాటైనట్టు నేరుగా మనిషి మీదే గురిపెడుతున్నారు. ఇక్కడ తూటా వెళ్లడానికి సమయం పడుతుంది, దారిలో కిందికి దిగుతుంది కూడా.

అందరూ మర్చిపోయేది జీరోయింగ్, అంటే తూటా గురిపెట్టిన చోటే తగిలేలా తుపాకీ గురిని ఫలానా దూరానికి సరిచేసుకోవడం.

1. ముందు దూరం తెలుసుకోండి. రేంజ్‌ఫైండర్ ఉంటే అదే చెబుతుంది, లేకపోతే మ్యాప్‌లో గళ్లు లెక్కపెట్టండి.
2. పేజ్ అప్, పేజ్ డౌన్ నొక్కి జీరోయింగ్‌ను ఆ దూరానికి తెచ్చుకోండి. ఆ అంకె కుడివైపు పైన, తూటాల లెక్క దగ్గర కనిపిస్తుంది. నొక్కినా మారకపోతే మీ స్కోప్‌కి ఆ సౌకర్యం లేనట్టే, వేరేది పెట్టండి.
3. పరుగెత్తిన వెంటనే కాల్చకండి, ఆయాసానికి తుపాకీ ఊగుతుంది. పడుకుని, ఊపిరి బిగపట్టి కాల్చండి.
4. శత్రువు పరుగెడుతుంటే కాస్త ముందుకు గురిపెట్టండి. సెకనుకు 800 మీటర్ల తూటాకైనా 400 మీటర్లకు అర సెకను పైనే పడుతుంది.

2001లో ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ చేసిన బొహీమియా ఇంటరాక్టివ్‌దే ఈ గేమ్ కూడా. నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం ఇది అడిగే ఈ ఓపికే.

ముందు వర్చువల్ ఆర్సెనల్‌లో (గేమ్‌లోనే ఆయుధాలు ఎంచుకుని పరీక్షించుకునే చోటు) ఒకే రైఫిల్‌తో సాధన చేయండి.