పరఖ్ పరీక్ష రాసిన పిల్లలకు మార్కులు ఎందుకు చెప్పరు? ఆ ఫలితాలతో టీచర్లు ఏం చేస్తారు?

మీ అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా 2024 డిసెంబర్ 4న పరఖ్ సర్వే పరీక్ష రాసిందనీ, ఎన్ని మార్కులొచ్చాయని ఎన్నిసార్లు అడిగినా స్కూలువాళ్లు చెప్పడం లేదనీ రాశారు. వాళ్లు దాచిపెట్టిందేమీ లేదండీ. ఆ పరీక్షలో ఏ పిల్లకీ విడిగా మార్కులు ఇవ్వరు, కాబట్టి హెచ్‌ఎం గారి దగ్గర కూడా ఉండవు.

ఇది కేంద్రం తరఫున స్కూలు పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీలో భాగమైన పరఖ్ అనే విభాగం పెట్టిన సర్వే. 2017లో, 2021లో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే పేరుతో జరిగిందే ఇప్పుడు ఈ పేరుతో జరిగింది. దేశం మొత్తం మీద మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలు సుమారు 21 లక్షల మంది రాశారు. అన్ని స్కూళ్లూ ఉండవు. ఎంపికైన స్కూల్లోనైనా ఒక తరగతి నుంచి 30 మందికి మించి తీసుకోరు. వాళ్ల జవాబులను బట్టి జిల్లాలో ఆ తరగతి పిల్లలకు ఏం వచ్చు, ఏం రాదు అని అంచనా వేస్తారు. అందుకే ఫలితం జిల్లాకీ, రాష్ట్రానికీ వస్తుంది.

2025 జులైలో రిపోర్టు వచ్చింది. దేశం మొత్తం మీద ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా తెలిసి వాడగలిగినవాళ్లు 53 శాతం. సగం, పావు లాంటి భిన్నాలను గుర్తించి, ఏది పెద్దదో పోల్చగలిగినవాళ్లు 29 శాతం. నేను మండల పరిషత్ స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ రెండో అంకె చూస్తే బాధేసింది కానీ ఆశ్చర్యం కలగలేదు. మా క్లాసులో ఏటా చూస్తున్నదే అది.

ఇక టీచర్లు ఏం చేస్తారంటే, నిజం చెప్పాలి, చాలాచోట్ల మాట ర్యాంకుతో మొదలై ర్యాంకుతోనే ముగుస్తుంది. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో మన జిల్లా ఎన్నో స్థానం, పక్క జిల్లా ఎన్నో స్థానం అన్నదాని మీదే ఎక్కువసేపు గడిచిపోతుంది. రేపు పొద్దున క్లాసులోకి వెళ్లి ఏం చెప్పాలో ఆ ర్యాంకు నాకు చెప్పదు. నాకు పనికొచ్చేది తప్పు జవాబు.

ఒక లెక్క తీసుకోండి. 403 లోంచి 158 తీసివేయాలి. నాలుగు ఆప్షన్లలో 245 ఉంటుంది, 355 కూడా ఉంటుంది. 355 పెట్టిన పిల్ల గుడ్డిగా పెట్టలేదు. ఒకట్ల స్థానంలో 3 లోంచి 8 పోదు కాబట్టి తిరగేసి 8 లోంచి 3 తీసింది. పదుల స్థానంలోనూ అంతే, 5 లోంచి 0 తీసింది. ఆ పిల్లకు తీసివేత వచ్చు, స్థాన విలువ రాదు. ఇలాంటి లెక్కలే ఇంకో ఇరవై ఇస్తే ఇరవైకీ అదే తప్పు చేస్తుంది. నేనైతే కాగితంతో చేసిన వంద నోట్లు నాలుగు, రూపాయి బిళ్లలు మూడు చేతికిచ్చి, నాకు 158 రూపాయలు ఇవ్వమంటాను. కాసేపు తడబడి, ‘సార్, చిల్లర కావాలి’ అంటుంది. వందకు పది పదులు, అందులో ఒక పదికి పది రూపాయి బిళ్లలు మార్చుకుంటుంది. అప్పుడు బోర్డు మీద అదే లెక్క వేస్తే, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో తనే చెబుతుంది.

అందుకే స్కూల్లో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల, అంటే ఎఫ్‌ఏల, పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఎవరికి ఎన్ని వచ్చాయన్నదాని కన్నా, ఒకే తప్పు ఎంతమంది చేశారో పక్కన రాసుకుంటాను. రాత లెక్కలు తప్పినవాళ్లకు అదే ప్రశ్న నేను పైకి చదివి వినిపిస్తాను. వింటే చేసేస్తారు కొందరు. వాళ్లకు లెక్క వచ్చు, చదవడమే రావడం లేదు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. లెక్క రాని పిల్లకీ, చదవడం రాని పిల్లకీ మార్కు సున్నానే, చెయ్యాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు.

2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేస్తున్న అసర్ సర్వే నాకు నచ్చేది ఇందుకే. పల్లెల్లో ఇంటికి వెళ్లి, ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం, పదం, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఏ టీచరైనా తన క్లాసులో చేసుకోవచ్చు, జవాబుకు గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటు అక్కర్లేదు.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. సర్వే దగ్గరపడగానే పాఠాలు ఆపి, వారాల తరబడి మోడల్ పేపర్లు చేయించమని మాకు పైనుంచి ఆదేశాలొచ్చాయి. మూడో తరగతి పిల్లలు గడియారం చూడ్డం నేర్చుకోవాల్సిన రోజుల్లో ఆ షీట్లలో బబుల్స్ దిద్దుతూ కూర్చున్నారు. అలా అంకె పెరిగితే మాత్రం దాన్ని నమ్మేదెలా? ఏ పిల్లలకు సాయం కావాలో తెలుసుకోవడానికి పెట్టిన పరీక్షలో వాళ్లే కనబడకుండా పోతారు. ఇది పిల్లలకు జరుగుతున్న అన్యాయం.

మీరు పరఖ్ మార్కుల కోసం తిరగడం మానేసి, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (పెద్ద పరీక్షలు) జవాబు పత్రాలు చూపించమని అడగండి. చూసే హక్కు మీకుంది, ఏ మంచి టీచరూ విసుక్కోరు. టోటల్ వదిలేసి, తప్పిన లెక్కలు ఎలా చేసిందో అమ్మాయినే చెప్పమనండి, మధ్యలో సరిదిద్దకండి. ఇంట్లో ఒకటి అడిగి చూడండి: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే అందనుకోండి, ఒక చపాతీ ముగ్గురికీ, అంతే సైజున్న ఇంకోటి నలుగురికీ సమానంగా పంచమనండి. అప్పటికీ తేడా పట్టుకోలేకపోతే లెక్కల టీచరుకు ఈ ఒక్క విషయం చెప్పండి. నిష్పత్తులు, శాతాలు అన్నీ భిన్నాల మీదే నడుస్తాయి, ఆ పాఠాలు మొదలుకాకముందే చెబితే ఆయనకు సరిచేసే వీలుంటుంది.