టెక్ సందేహాలు: ఓటీపీ అడగలేదు, డబ్బులు మాత్రం పోయాయి

పిల్లలు కెనడాలో ఉన్నవాళ్ల దగ్గర్నుంచి ఈ మధ్య ఒకటే రకం ఉత్తరాలు. ఊరు పేరు మారుతుంది, కథ మాత్రం అదే. పాలకొండ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది ముందు చదవండి.

"సార్, మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు, మేమిద్దరం ఆర్నెల్లకని వెళ్లాం. ఒక శని ఆదివారాలు బోర్డర్ దాటి అమెరికాలో బఫెలో వెళ్లి ఫుట్‌బాల్ మ్యాచ్ చూద్దామని మనవడు పట్టుబట్టాడు. టికెట్లు మరీ రేటుగా ఉన్నాయని, మావాళ్ల గ్రూపులో ఎవరో పెట్టిన లింకులో తక్కువకి దొరికితే నా కార్డుతోనే కొనీసాను. టికెట్లు రాలేదు. ఊరొచ్చాక పాస్‌బుక్ వేయిస్తే అదే కార్డు మీద ఇంకో రెండుసార్లు డబ్బు కట్టయ్యింది. ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు, అసలు ఓటీపీ రానేలేదు. మరెలాగ పోయింది?"

మాస్టారూ, ఓటీపీ రాలేదు కాబట్టే పోయింది. ఇది మీ ఒక్కరి పొరపాటు అని నేననను, ఎందుకంటే మనందరికీ ఏళ్ల తరబడి ఒకటే పాఠం నూరిపోశారు: ఓటీపీ చెప్పకపోతే డబ్బు పోదు. బ్యాంకు మెసేజీలో అదే, పోలీసుల పోస్టర్లో అదే, ఫోన్ చేస్తే రింగుకి ముందు ఆమధ్య వినిపించిన మాటల్లో కూడా అదే. మన దేశంలో జరిగే కొనుగోళ్ల వరకు అది చాలావరకు నిజమే, ఆన్‌లైన్‌లో కార్డు వాడితే ఓటీపీ లాంటి రెండో తాళం ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2009లోనే రూలు పెట్టింది. కానీ ఆ రూలు బయటి దేశం వ్యాపారికి వర్తించదు. అక్కడి సైట్లో కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాలున్న మూడంకెలు కొడితే చాలు, డబ్బు వెళ్లిపోతుంది, కొన్ని సైట్లయితే ఆ మూడంకెలు కూడా అడగవు. అంటే మీరు ఆ దొంగ సైట్లో కొట్టింది ఒక్కసారి కొనడానికే అయినా, అవతలివాడి చేతికి వెళ్లింది మీ కార్డే. వాడికి నచ్చినప్పుడల్లా గీసుకుంటాడు.

ఇంకో మాట, ఇది నన్ను బాగా కలవరపెడుతున్న విషయం. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు విదేశీ లావాదేవీలు ఆఫ్‌లో ఉండగానే మన చేతికొస్తున్నాయి, మనం కావాలనుకుంటే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మంచి ఏర్పాటే. కానీ ప్రయాణం ముందు అబ్బాయి ఫోన్ చేసి "నాన్నా ఆ స్విచ్ ఆన్ చెయ్యి" అంటాడు, చేస్తారు, తిరిగొచ్చాక ఆఫ్ చెయ్యమని మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యరు. ఏ బ్యాంకు యాప్ అయినా సరే, ఆ స్విచ్ ఆన్ చేసేటప్పుడు "ఎన్ని రోజులకి?" అని అడిగి, ఆ తేదీ దాటాక దానంతటది ఆఫ్ అయిపోయేలా పెట్టడం అంత కష్టమా? అలారానికి తేదీ పెట్టుకోగలిగే ఫోన్లో తలుపుకి గడియ పెట్టలేకపోవడం డిజైన్ చేసినవాళ్ల అశ్రద్ధ తప్ప ఇంకోటి కాదు. పైగా ఆ స్విచ్ ఎక్కడుంటుంది? కార్డులు, సర్వీసులు, సెట్టింగులు, మరిన్ని... నాలుగు మెట్లు దిగాలి. లోన్ కావాలా అన్న బటన్ మాత్రం తెర తెరవగానే కళ్ల ముందే ఉంటుంది.

2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో విదేశీ కొనుగోళ్లకి కూడా రెండో తాళం వేసే ఏర్పాటు 2026 అక్టోబరు 1 లోపు చేసుకోండి అని బ్యాంకులకి చెప్పింది. ఇది చూసి ఇంక భయం లేదని ఒకాయన నాకు మెసేజ్ పెట్టారు. కాస్త ఆగండి. అవతలి వ్యాపారి అడిగితేనే ఆ తాళం పడుతుంది. దొంగ టికెట్ల సైటువాడు పనిగట్టుకుని ఎందుకు అడుగుతాడు?

మీ ఉత్తరంలో ఇంకో చోట నా గుండె గుభేలుమంది. "మన సిమ్ అక్కడ పనిచెయ్యదని తీసి పెట్టెలో పడేశాం" అన్నారు. డబ్బు కట్టయినప్పుడు బ్యాంకు మెసేజ్ పంపే ఉంటుంది, అది ఆ సిమ్‌కే పంపుతుంది. మన ప్రమేయం లేకుండా డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన మూడు పనిరోజుల్లోపు బ్యాంకుకి చెప్తే మన మీద భారం పడకూడదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత మన నెత్తిన పడుతుంది, ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మీకేమో నెలల తర్వాత పాస్‌బుక్‌లో తెలిసింది. పైగా కార్డు వివరాలు కొట్టింది మీరే కాబట్టి అది మీ నిర్లక్ష్యమే అని బ్యాంకు వాదించొచ్చు. అయినా ఊరుకోకండి. కార్డు ఇవాళే బ్లాక్ చెయ్యండి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. తర్వాత కట్టయిన ఆ రెండూ మీరు చేసినవి కావు, ఆ మాట విడిగా, స్పష్టంగా రాయండి.

సిమ్ సంగతి అందరికీ చెప్తున్నాను. ఇక్కడున్నప్పుడే రోమింగ్ ఆన్ చేయించుకోండి, అక్కడికెళ్లాక చేయించుకోవడం గగనం. ఫోన్లో రెండు సిమ్‌లకి చోటుంటే మన సిమ్ అలాగే ఉంచి దానికి డేటా రోమింగ్ ఒక్కటి ఆపెయ్యండి, మెసేజీలు వస్తాయి, బిల్లు పేలదు. నెట్‌కి అక్కడి సిమ్ గానీ, ముక్క వెయ్యక్కర్లేకుండా ఫోన్లోనే ఉండే ఈసిమ్ గానీ పెట్టుకోండి. కెనడాలో ఉన్నాం కదా అని అనుకుంటారేమో, నయాగరా దగ్గరికి వెళ్లేసరికి నది అవతలున్న అమెరికా టవర్ని ఫోన్ పట్టేసుకుంటుంది, కాబట్టి రెండు దేశాల్లోనూ పనిచేసే ప్లానే తీసుకోవాలి.

ఇక టికెట్లు కొనడం. క్లబ్ సొంత సైట్లోంచో, లీగ్ అధికారికంగా చూపించిన చోట్లోంచో తప్ప ఇంకెక్కడా కొనకండి, అదీ అక్కడున్న అబ్బాయి అక్కడి కార్డుతో కొంటే ఇంకా మేలు. మీరే ఇవ్వాలనుకుంటే డబ్బు అతని చేతికివ్వండి, కార్డు నంబరు సైటుకివ్వకండి. గ్రూపులో వచ్చిన లింకు బంధువు పెట్టాడు కదా అనొద్దు, ఆ బంధువుకి ఇంకో గ్రూపులోంచి వచ్చింది, అంతే.

ఇప్పుడు విజయనగరం నుంచి ఒకమ్మ ప్రశ్న. "మా అమ్మాయి టికెట్ల ఫొటో మా ఫోన్‌కి పంపింది, వాళ్లు కారు పార్క్ చేసి వస్తామన్నారు, మేం ముందే గేటు దగ్గరకెళ్తే స్క్రీన్‌షాట్ చెల్లదని నిలబెట్టీసారు. అమ్మాయికి ఫోన్ చేస్తే కలవదు. చలిలో ముప్పావుగంట నిలబడ్డాం. టికెట్ కొన్నాక టికెట్టే కదా?"

అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లకి టికెట్ అంటే కాగితం కాదమ్మా, ఫోన్లో కదిలే బార్‌కోడ్. కొద్ది సెకన్లకోసారి మారిపోతుంటుంది, అందుకే స్క్రీన్‌షాట్ తీసిన నిమిషానికే అది చచ్చిన కోడ్. దొంగ టికెట్లు అమ్మేవాళ్లని ఆపడానికి పెట్టారు, కారణం నేనొప్పుకుంటాను. మరి ఫోన్ ఎందుకు కలవలేదు అంటారా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర నిలబడి ఫోన్ చెయ్యడానికి ప్రయత్నించే ఉంటారు, సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, ఫోన్ మాత్రం వెళ్లదు. అరవై వేలకి పైగా జనం ఒక్కచోట ఉండి అందరూ వీడియోలు పంపుతుంటే అక్కడైనా అంతే. కాబట్టి ఇంట్లో వైఫై ఉండగానే టికెట్లు, కార్డులు దాచుకునే ఫోన్ వాలెట్ యాప్‌లోకి వీటిని దింపుకోవాలి, అప్పుడు నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. నలుగురి టికెట్లూ ఒక్క ఫోన్లో ఉంటే నలుగురూ కలిసే గేటు దాటాలి, విడివిడిగా వెళ్తారంటే ఎవరి టికెట్ వాళ్ల ఖాతాకి ముందురోజే ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి. చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది, ఫోన్ కోటు లోపలి జేబులో పెట్టుకోండి, చేతిలో పట్టుకు తిరగకండి.

మ్యాచ్‌రోజు పొద్దున్న టికెట్ల యాప్ అప్‌డేట్ చెయ్యకండి, ఇది బతిమాలి చెప్తున్నాను. అప్‌డేట్ అయ్యాక మళ్లీ లాగిన్ అవ్వమంటుంది, పాస్‌వర్డ్ గుర్తుండదు, కోడ్ మెయిల్‌కి వస్తుంది, ఆ మెయిల్ ఇంకెవరి ఫోన్లోనో ఉంటుంది. గేటు దగ్గర ఈ తంతు అరవై ఏళ్ల మనిషి చేత చేయించడం ఏం పద్ధతి? మన రైలు టికెట్ చూడండి, ఆమదాలవలసలో బండెక్కేటప్పుడు మెసేజ్ చూపించి ఆధార్ చూపిస్తే టీటీఈ సరే అంటాడు, ఎందుకంటే అక్కడ టికెట్ మనిషి పేరు మీద ఉంది. స్టేడియం టికెట్ ఫోన్ మీద ఉంది. మనిషి పక్కన నిలబడి ఉన్నా ఫోన్ ఆరిపోతే ఆ మనిషి లేనట్టే లెక్క. స్మార్ట్‌ఫోన్ సరిగ్గా వాడలేని పెద్దవాళ్లు గుడికెళ్లినా, ఆసుపత్రికెళ్లినా, ఇప్పుడు ఆటకెళ్లినా పక్కన ఒక చదువుకున్న పిల్లాడు ఉంటే తప్ప లోపలికి పోలేని రోజు తెచ్చిపెట్టారు. యాప్‌తో పాటు ఇంకో దారి కూడా ఉంచాలి, అది దయ కాదు, టికెట్ కొన్నవాడి హక్కు.

ఆ యాప్ నోటిఫికేషన్లు మాత్రం ఆపకండి. బఫెలోలో సరస్సు మీంచి వచ్చే మంచు మామూలు మంచు కాదు, 2022 నవంబరులో ఒక మ్యాచ్‌ని ఏకంగా డెట్రాయిట్‌కి మార్చారు, 2024 జనవరిలో ఇంకోటి ఆదివారం నుంచి సోమవారానికి వెళ్లింది. హ్యాండ్‌బ్యాగ్ కూడా ఇంట్లో వదిలెయ్యండి, అరచేతిలో పట్టే చిన్న పర్సు తప్పిస్తే లోపలున్నవి బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగే అనుమతిస్తారు, ఆ బ్యాగు కూడా 12 అంగుళాలకి 6కి 12 మించకూడదు.

ఇచ్ఛాపురం కుర్రాడి ప్రశ్న: "అన్నా, బోర్డర్లో ఫోన్ చూస్తారట కదా, అమ్మానాన్నల ఫోన్లలో ఏం డిలీట్ చెయ్యాలి?"

తమ్ముడూ, నీకు బోర్డర్ అంటే పురుషోత్తపురం చెక్‌పోస్ట్, లారీల్ని ఆపుతారు, మనం బరంపురం వెళ్లి సినిమా చూసి వచ్చేస్తాం. అదలా కాదు. కెనడా నుంచి నది దాటి బఫెలో వెళ్లే పీస్ బ్రిడ్జి మీద రెండో వైపు ఇంకో దేశం, కెనడా వీసా ఉంటే సరిపోదు, మన పాస్‌పోర్టున్నవాళ్లకి అమెరికా వీసా విడిగా ఉండాలి, ఒక్క పూటకైనా సరే. ఆ వీసా లేకుండా టికెట్లు కొన్నవాళ్లు నాకు రాశారు, అందుకే చెప్తున్నాను. ఇక ఫోన్ అంటావా, అందరిదీ చూడరు, కానీ చూసే అధికారం రెండు వైపులా వాళ్లకుంది. ఫోన్లో ఉన్నదే చూడాలి, నెట్ ఆపి చూడాలి అన్నది వాళ్ల నియమం. కంగారుపడి ఏదీ తుడిచెయ్యొద్దు, అదే అనుమానం తెస్తుంది. తీసుకెళ్లేదే తక్కువ తీసుకెళ్లాలి, బ్యాంకు పాస్‌వర్డులు రాసుకున్న నోట్సు, ఏటీఎం పిన్ పెట్టుకున్న ఫొటో, ఇలాంటివి ఏ ఫోన్లోనూ ఎప్పుడూ ఉండకూడదు, బోర్డర్ దాటినా దాటకపోయినా.

భూమార్గంలో అమెరికా వెళ్లేవాళ్లకి ఐ-94 అనే ప్రవేశ రికార్డు కావాలి, దానికి ప్రయాణానికి ఏడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి అప్లై చేసి పెట్టుకోవచ్చు. వెతికితే అచ్చం సర్కారు సైట్లలా కనిపించేవి వస్తాయి, అదనంగా గుంజుతాయి, పాస్‌పోర్టు వివరాలూ లాగేస్తాయి. సైటు పేరు చివర డాట్ గవ్ (.gov) లేకపోతే మూసెయ్. ఇంకొకటి, "అందరి పాస్‌పోర్టులూ ఇందులో పెట్టండి" అని పెళ్లిళ్ల గ్రూపులో అడిగేవాళ్లున్నారు. అరవైమంది ఉన్న గ్రూపులో పెట్టిన ఫొటో అరవై ఫోన్ల గ్యాలరీలోకి దిగిపోతుంది, ఆ ఫోన్లలో ఒకటి రేపు రిపేరు షాపుకి వెళ్తుంది, ఇంకోటి అమ్మకానికి వెళ్తుంది. టికెట్లు బుక్ చేసే ఒక్కరికే పంపండి, పని అవగానే రెండు వైపులా తీసెయ్యండి.

మాస్టారికి మళ్లీ ఒక మాట. మీరు ఆర్నెల్లు సిమ్ తీసేసి ఉంచారు. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపెయ్యొచ్చు, కొన్నాళ్లకి అది ఇంకెవరికో వెళ్తుంది, అప్పుడు మీ బ్యాంకు మెసేజీలు వాళ్లకెళ్తాయి. మీ నంబరు ఇంకా మీదేనా, బ్యాంకులో ఉన్నది అదేనా, పాలకొండ బ్రాంచికి పాస్‌బుక్ పట్టుకుని రేపే వెళ్లి చూసుకోండి. బ్లాక్ చేసిన కార్డు బదులు కొత్తది తీసుకున్నప్పుడు అందులో విదేశీ స్విచ్ ఆఫ్‌లో ఉందని మీ కళ్లతో చూశాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.