మొదటి డ్రోన్ కిట్: రేసింగ్ కన్నా ఎఫ్450 మేలు

5 అంగుళాల ప్రొపెల్లర్ల రేసింగ్ కిట్ కొనాలా, నాలుగు మోటార్ల పెద్ద డ్రోన్ కిట్ అయిన ఎఫ్450 కొనాలా అని అడిగారు. ఇంతవరకు డ్రోన్ ఎగరేయలేదని, టంకం పని కొద్దిగా వచ్చని కూడా రాశారు కనుక ఎఫ్450 తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. రేసింగ్ కిట్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, చేయి తిరగనివారి దగ్గర అది రెప్పపాటులో గోడకు తగులుతుంది. ఎఫ్450లో ఎదురెదురు మోటార్ల మధ్య దూరం 450 మిల్లీమీటర్లు. 920 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి సుమారు 920 చుట్లు తిరిగే) మోటార్లు, 10 అంగుళాల ప్రొపెల్లర్లతో అది నిలకడగా ఎగురుతుంది, ఫ్రేము చేయి విరిగితే అదొక్కటే విడిగా దొరుకుతుంది.

అసలు చిక్కు టంకం దగ్గరే వస్తుంది. ఫ్రేము కింది పలకే కరెంటు పంచే బోర్డు కాబట్టి, ఈఎస్‌సీల (మోటార్ల వేగాన్ని అదుపు చేసే పరికరాల) ఎరుపు, నలుపు తీగలను నేరుగా దానికే అతకాలి. 25 వాట్ల ఐరన్‌తో ఆ రాగి సరిగా వేడెక్కక టంకం పైపైనే ముద్దకడుతుంది; నా మొదటి డ్రోన్ నడుమెత్తు లేచి కూలింది అందుకే. 60 వాట్ల ఐరన్ వాడండి. మోటారు వ్యతిరేక దిశలో తిరిగితే దాని మూడు తీగలలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు, కానీ ఆ పరీక్ష ప్రొపెల్లర్లు బిగించకముందే చేయాలి.

చాలా కిట్లలో బ్యాటరీ, బ్యాలెన్స్ చార్జరు (బ్యాటరీలోని సెల్స్ అన్నిటినీ సమంగా నింపేది), రిమోట్ ఉండవు. ధర పోల్చేటప్పుడు వాటినీ కలుపుకోండి. బిగించాక బరువు 250 గ్రాములు దాటుతుంది కనుక, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం అది మైక్రో తరగతి. ఎగరేసే ముందు నమోదు సంగతి, మీ చోటు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతంలో) ఉందో లేదో చూసుకోండి.