ఆ ఒక్క స్టార్‌కు జవాబు రేపు రాద్దువు

అమ్మాయీ,

అనంతపురం నుంచి మామ రాస్తున్నా. నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తూ చదివిన రివ్యూ ఇంకా నా చెవుల్లోనే ఉంది. ‘టైమ్ వేస్ట్, మాక్రోలు చెప్పలేదు, సౌండ్ బాలేదు’ అని ఒక్క స్టార్. ఎక్సెల్ మొదటిసారి పట్టుకునేవాళ్ల కోసం నువ్వు ఆన్‌లైన్ కోర్సు చేస్తే, మాక్రోల్లాంటి పై స్థాయి పాఠాలు లేవని స్టార్లు కోయడం అన్యాయమే. పిల్లాడు పడుకున్నాక, కడపలో ఆ వంటింటి పక్క గదిలో కూర్చుని ఆర్నెల్లు రికార్డు చేశావు. నీ బాధ నాకు తెలుసు.

అయినా ఈ రోజు జవాబు రాయొద్దు.

నేను ఆ తప్పు చేశాను. ట్యాలీ మీద నేను పెట్టిన మొదటి కోర్సుకు ఒకతను ‘సార్ మరీ నిదానం’ అని రెండు స్టార్లు ఇచ్చాడు. రాత్రి పదకొండింటికి కూర్చుని పదిహేను లైన్ల జవాబు కొట్టాను. వారం తిరక్కముందే క్లాక్ టవర్ దగ్గర ఒక కుర్రాడు కలిసి, ‘మీ కోర్సు కొందామనుకున్నా సార్, ఆ జవాబు చదివాక భయమేసింది, డౌట్ అడిగితే నన్నూ అలాగే అంటారేమో అని’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మన జవాబు చదివేది రివ్యూ రాసినవాడు కాదమ్మా, కొనాలా వద్దా అని చూస్తున్నవాడు. వాడి కోసం రాయాలి.

నాలుగు లైన్లు చాలు. ‘సౌండ్ గురించి చెప్పినందుకు థాంక్స్, మూడో పాఠం మళ్లీ రికార్డు చేస్తున్నాను. ఈ కోర్సు కొత్తగా నేర్చుకునేవాళ్లకు, మాక్రోలు ఇందులో లేవు.’ అంతే. ‘మీరు సరిగ్గా చూడలేదు’ అనే మాట మాత్రం రానీయకు, అది నిజమే అయినా సరే.

సౌండ్ మాట నిజమే. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మూడో పాఠం రెండుసార్లు విన్నాను. ఫార్ములా చెప్పేచోట ఫ్యాన్ చప్పుడు కింద నీ గొంతు మునిగిపోతోంది, ‘సమ్’ అన్నావో ‘సేమ్’ అన్నావో తెలియలేదు. ఆ మనిషి కోపంగా చెప్పాడు కాబట్టి నీకు వినబడలేదు, అంతే.

మాక్రోల సంగతికి మందు కోర్సు పేజీలోనే ఉంది. ఏం నేర్చుకుంటారో రాసినచోటే ఏం ఉండదో కూడా రాసెయ్. ఫ్రీగా చూపించే వీడియోలో నీ నోటితోనే చెప్పు. యూడెమీ లాంటి ఆన్‌లైన్ కోర్సుల సైట్లలో చాలా కోర్సులకు 30 రోజుల్లో డబ్బు వాపసు అడగొచ్చు, రేటింగ్ కూడా కోర్సు పూర్తి కాకముందే అడుగుతారు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే మనమేం చెబుతామో తేలిపోవాలి.

ఆ రివ్యూ తీసెయ్యమని సైటుకు రిపోర్ట్ కొట్టమని ఎవరో చెప్పారన్నావు. బూతులుంటే, వేరే కోర్సుకు ప్రచారం ఉంటే, అసలు కోర్సుకే సంబంధం లేకపోతే కొట్టు. నీకు అన్యాయంగా అనిపించిందని వాళ్లు తీసెయ్యరు. ఇంకో మాట, పిన్ని పిల్లల చేత ఐదు స్టార్లు ఇప్పించే ఆలోచన మానుకో. అది సైటు రూల్సుకు విరుద్ధం, పట్టుబడితే మంచి రివ్యూల విలువ కూడా పోతుంది. నీ దగ్గర నిజంగా నేర్చుకున్నవాళ్లను ‘మీకు అనిపించింది రాయండి’ అని అడుగు, ఎన్ని స్టార్లని చెప్పకు.

లెక్క కూడా చూడు. నీకున్న 18 రివ్యూలూ ఐదు స్టార్లవే. ఈ ఒక్కటి కలిపినా మామూలు సగటు 4.79. మూడే రివ్యూలున్నప్పుడు వచ్చుంటే 4కు పడేది.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. నా దగ్గర కాలర్ మైక్ ఒకటి ఖాళీగా ఉంది, తెస్తాను. ఫ్యాన్ ఆపి, తలుపు సందులో పాత దుప్పటి కుక్కి మూడో పాఠం మళ్లీ చేద్దాం. అంతలోపు ఆ నాలుగు లైన్లు రాసి నాకు వాట్సాప్ చెయ్.

మామ