సౌండు సందేహాలు: కింది తీగ మీటితే క్యాబినెట్ భర్రుమంటోంది

ప్రశ్న: అన్నా నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, ఆఫీసులో మనవాళ్ళం ఐదుగురం కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం, నేను ఐదు తీగల బేస్ గిటార్ వాయిస్తా. 300 వాట్ల హెడ్ (స్పీకర్ లేని ఆంప్), ఒకటే 12 అంగుళాల స్పీకర్ ఉన్న 8 ఓమ్‌ల క్యాబినెట్. రూమ్‌లో అదిరిపోతుంది. మొన్న ఉగాదికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో డ్రమ్స్ పక్కన వాయిస్తే వాల్యూమ్ సగం దాటగానే కింది తీగ మీద భర్ర్ భర్ర్ అని ఒకటే గోల, ముందు వరసలో కూర్చున్న అంకుల్ "ఏదో చిరిగినట్టుంది చూసుకో బాబూ" అనేశారు. ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ఇంకా పెద్ద ఆంప్ తీసుకోమన్నారు. తీసుకోవాలా?

జవాబు: ఆగు తమ్ముడూ, డబ్బులు జేబులోనే ఉంచు. ముందు ఒక్క మాట చెప్పు, నీ హెడ్ మీద బేస్ నాబ్ ఎక్కడుంది? గడియారంలో మూడు గంటల దగ్గరికి తిప్పేసి, మిడ్ (మధ్య స్వరాల నాబ్) తగ్గించి పెట్టుంటావ్, అవునా? రూమ్‌లో ఒంటరిగా వాయించేటప్పుడు అందరం అదే చేస్తాం, కమ్మగా ఉంటుంది మరి. డ్రమ్స్ పక్కన ఆ సౌండ్ మాయమైపోతుంది, వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతాం, అక్కడ మొదలవుతుంది గోల.

లెక్క ఏంటంటే బేస్ నాబ్‌తో 6 డెసిబెల్స్ పెంచావంటే ఆ కింది స్వరాలకి ఆంప్ నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి, 10 పెంచితే పది రెట్లు. నీ అయిదో తీగ, అదే లో బి, సుమారు 31 హెర్ట్జ్, నాలుగు తీగల బేస్‌లో కింది ఇ అయితే 41. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే అంతే సౌండ్ కోసం కోన్ (స్పీకర్ ముందు కనపడే గరాటు లాంటి భాగం) నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ ఊగాలి. ఒక్క 12 అంగుళాల కోన్ ఎంతని ఊగుతుంది పాపం, దాని హద్దు అయిపోతే భర్రుమంటుంది. పైగా ముందు గుండ్రటి రంధ్రం ఉన్న డబ్బా అయితే, ఆ డబ్బా ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కంటే కిందికి దిగాక కోన్‌ని ఆపే గాలి ఒత్తిడి ఉండదు, విపరీతంగా ఊగిపోతుంది, సౌండ్ మాత్రం పెద్దగా రాదు.

అందుకని బేస్ నాబ్ మధ్యకి తెచ్చేయ్, 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచు, అక్కడే బేస్ మాట స్పష్టంగా వినపడేది. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, భయపడకు, బ్యాండ్‌తో కలిస్తే సరిగ్గా కూర్చుంటుంది. హెడ్‌లో హైపాస్ ఫిల్టర్ (మరీ కింది స్వరాల్ని కోసేసేది) ఉంటే 40 హెర్ట్జ్ దగ్గర పెట్టు, లేకపోతే అదే పనిచేసే పెడల్ ఒకటి కొనుక్కో, పెద్ద ఆంప్ కంటే అదే మేలు. 40 కింద కోసేస్తే లో బి పోతుందేమో అనుకుంటావ్, పోదు, ఫోన్ స్పీకర్‌లో సినిమా పాట వింటే కూడా బేస్ లైన్ తెలుస్తుంది కదా, ఆ స్వరంతో పాటే మోగే పై స్వరాలు, అవే హార్మోనిక్స్, వింటే చాలు అసలు స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది.

నీ 300 వాట్లు కూడా చాలావరకు 4 ఓమ్‌ల లెక్క అయ్యుంటుంది, వెనక రాసుంటుంది చూడు, 8 ఓమ్‌ల క్యాబినెట్ ఒక్కటే తగిలిస్తే అంత రాదు, ఆ తక్కువ పవర్‌కే ఆంప్ హద్దు చేరి క్లిప్ అవుతుంది, అంటే సౌండ్ పగులుతుంది. ఇంకో అలాంటి 8 ఓమ్‌ల క్యాబినెట్ కలిపితే రెండూ కలిసి 4 ఓమ్‌లు, ఒక్కో కోన్ సగమే ఊగి అదే సౌండ్ ఇస్తుంది. డబ్బులు పెట్టాలంటే ఇక్కడ పెట్టు. 4 ఓమ్‌లవి రెండు మాత్రం కలపకు, 2 అయిపోతుంది, చాలా హెడ్‌లు తట్టుకోవు. కేబుల్ కూడా స్పీకర్ కేబులే వాడు, గిటార్ కేబుల్ సన్నం, వేడెక్కుతుంది.

ఇదంతా చేసినా పోలేదంటే స్పీకర్‌ని అనుమానించే ముందు బేస్‌లో బ్యాటరీ ఉంటే అది మార్చు. నవ్వకు, నేనే ఒకసారి కోన్ పోయిందనుకుని క్యాబినెట్ స్క్రూలన్నీ విప్పి, స్పీకర్ బయటికి తీసి, రిపేర్ షాపుకి ఆటోలో మోసుకెళ్ళి, అక్కడ వేరే బేస్ పెట్టి వాయిస్తే శుభ్రంగా ఉంది, తీరా చూస్తే బ్యాటరీతో నడిచే నా యాక్టివ్ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఆటో డబ్బులు రెండువైపులా నావే. చిన్న వాల్యూమ్‌లో కూడా సౌండ్ పగిలితే తప్పు బేస్‌దో, ఇన్‌పుట్ గెయిన్‌దో. గెయిన్ అయితే తగ్గించు, లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉంటే నొక్కు.

ఒకే ఒక్క స్వరం దగ్గర జర్‌ర్‌ర్ అంటే అది డిస్టార్షనే కాదు, ఏదో వదులైంది. ఒక్కో ఫ్రెట్ నెమ్మదిగా వాయిస్తుంటే ఫ్రెండ్‌ని గ్రిల్లు, హ్యాండిల్, మూలలు చేత్తో నొక్కి పట్టుకోమను, ఎక్కడ పట్టుకుంటే ఆగిందో అదే దొంగ. స్క్రూ రంధ్రం వదులైపోతే అగ్గిపుల్లని ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక బిగించు. అన్నీ ఆపేసి కోన్‌ని రెండువైపులా వేళ్ళతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కి చూడు, గరగరమంటే కోన్ వెనకుండే తీగ చుట్ట, అదే వాయిస్ కాయిల్, రాసుకుంటోంది, అప్పుడు మాత్రం రిపేరే.

ఇంకోటి, ఈసారి క్లబ్‌హౌస్‌లో క్యాబినెట్‌ని గోడ మూలకి తోసి నేల మీద పెట్టకు, గది గుమ్మంటుంది, నీ మోకాళ్ళకి తప్ప నీకు వినపడదు, మళ్ళీ పెంచేస్తావ్. గట్టి బల్లో స్టాండో చూసి దాని మీదకి ఎక్కించు. పీఏ (హాలు సౌండ్ సిస్టమ్) ఉంటే హెడ్ వెనకుండే డీఐ (మిక్సర్‌కి నేరుగా సిగ్నల్ ఇచ్చే అవుట్‌పుట్) నుంచి దానికిచ్చెయ్, జనానికి అది వినిపిస్తుంది, నీ డబ్బా నీకోసమే.

ప్రశ్న: మా తమ్ముడికి బేస్ కొనిచ్చాం, ఇంట్లో ఉన్న మామూలు గిటార్ ఆంప్‌లో పెట్టొచ్చా? (వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అక్క)

జవాబు: పెట్టొచ్చండీ, మెల్లగా వాయించినంతసేపూ ఏం కాదు. గట్టిగా పెంచితే ఆ చిన్న కోన్ అంత ఊగడానికి చేసింది కాదు, చిరిగిపోవచ్చు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టించండి, పై ఫ్లాట్ వాళ్ళు కూడా సంతోషిస్తారు.